నిలబడి తినే క్రిస్మస్

కొందరు ఇతరుల సుఖం కోసమే పుడతారు. కుర్చీలకు పాలిష్ పట్టే మేస్త్రిని ఆ జాబితాలో తప్పకుండా చేర్చుకోవాలి. ముప్ఫై రెండేళ్ళుగా ఆయన చేతిమీదుగా వెళ్ళిన కుర్చీల్లో జడ్జీలు కూర్చున్నారు. పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చినవాళ్ళు కూర్చుని నోళ్ళు తెరిచారు. వాటిలో కూర్చునే కొందరు పెళ్ళిళ్ళు కుదుర్చుకున్నారు, కొందరు చెడగొట్టుకున్నారు. మేస్త్రి మాత్రం ఏడాదికొకసారి, సాక్షాత్తూ పండగపూట, సొంత ఇంట్లో, సొంత చేత్తో మెరుగుపెట్టిన ఎనిమిది కుర్చీల పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడి భోంచేసేవాడు. ఆయనొక్కడే కాదు, ఇంటిల్లిపాదీ అంతే.

దీనికో చరిత్ర ఉంది. చరిత్ర అన్నాక అందులో ఒక పెళ్ళి, ఒక ఒప్పందం, ఒక పరాజయం ఉండక తప్పదు.

మేస్త్రి వైపు వాళ్ళు ఎవరూ చర్చి గడప తొక్కి ఎరగరు. భార్య వైపు వాళ్ళు ఒక్క ఆదివారం చర్చికి వెళ్ళకపోతే, జ్వరమేమోనని ఇరుగుపొరుగు పలకరించడానికి వచ్చే రకం. ఇద్దరూ రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నారు. ఆయన తరఫున నరపురుగు కూడా రాలేదు. ఆమె తరఫున అమ్మా నాన్నా వచ్చారు. సాక్షుల గడి దగ్గరకు వచ్చేసరికి అత్తగారు కలం అందుకుని, "అబ్బాయి వైపు ఎవరూ లేరా? అయితే ఆ గీతమీద కూడా నేనే పెడతాను" అంది. అలా కుదరదన్నాడు గుమాస్తా. "అమ్మ రాని చోట ఇంకో అమ్మ సంతకం పనికిరాదా నాయనా?" అని ఆవిడ అడిగిన తీరుకి గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని, కుదురుతుందన్నాడు. ఆ రోజు నుంచీ మేస్త్రికి పెద్దదిక్కంటూ ఉంటే అది అత్తగారే.

ఒప్పందం కాపురం పెట్టిన మొదటి నెలలోనే జరిగింది. పండగనాడు ఇంట్లో ఏ గడియారమూ ఆగి ఉండకూడదనీ, మొదటి పళ్ళెం పక్కింటికి వెళ్ళాకే ఇంట్లోవాళ్ళు తినాలనీ మేస్త్రి నాన్న పెట్టిన నియమాలు. "మీ వాళ్ళకి గడియారాలంటే ఏంటండీ అంత భక్తి?" అంది భార్య. "మీ వాళ్ళు ప్లాస్టిక్ చెట్టుకి దండం పెట్టట్లేదూ?" అన్నాడాయన. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు ఉభయపక్షాలూ పొయ్యి దగ్గర సమావేశమై, నీ పద్ధతి ఏమిటని నేనడగను, నా పద్ధతి ఏమిటని నువ్వడగకు అని తీర్మానించుకున్నారు. "మీ వాళ్ళు" అన్న మాట ఆ ఇంట్లో అంతటితో నిషేధం. అందువల్ల కాపురం చల్లగా ఉంది. చెట్టు వచ్చింది, గుమ్మానికి నక్షత్రం వచ్చింది, గడియారాలకు పొద్దున్నే కీ తిరిగింది, మొదటి పళ్ళెం గోడ దాటింది. ఏది ఎందుకో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఇక పరాజయం. మొదటి క్రిస్మస్‌కి అత్తామామలు భోజనానికి వస్తామన్నారు. కొత్త కాపురానికి బల్లా ఎనిమిది కుర్చీలూ పాతసామాన్ల కొట్లో ఏరి పంపించింది వాళ్ళే. మేస్త్రి వాటిని గీకి, నున్నగా రుద్ది, వార్నిష్ వేశాడు. "నేను వేసిన వార్నిష్ తెల్లారేసరికి ఆరకపోతే ఈ వృత్తి మానేస్తాను మావయ్యా" అని ముందే మామగారి దగ్గర కోతలు కోశాడు. డబ్బా పాతది, ముసురు కొత్తది. పండగనాడు మధ్యాహ్నం ఆయన కుర్చీ అంచున చిటికెనవేలు పెడితే, వేలు వెనక్కి రావడానికి మొరాయించింది.

నోరు తెరిచి చెప్పడం కన్నా ప్రాణత్యాగం సులువనిపించింది. ఇద్దరు అతిథులు గుమ్మంలో ఉన్నారు. మేస్త్రి పళ్ళెం చేతిలోకి తీసుకుని, గోడ వైపు చూస్తూ, భారమంతా పైవాడి మీద వేసి నిలబడ్డాడు. అప్పుడు జరిగింది అద్భుతం. ఎవరూ ఏమీ అడగకుండానే అత్తగారు నిలబడే వడ్డించుకుంది. మామగారు ఆవిడ మొహం చూసి ఆయనా నిలబడ్డాడు. ఒప్పందాన్ని గౌరవించి భార్యా నిలబడింది. 'ఓహో, పండగ భోజనం నిలబడి చేయడం వీళ్ళ ఆచారమన్నమాట' అనుకున్నాడు మేస్త్రి. దేవుడున్నాడనడానికి జీవితంలో ఆయనకు దొరికిన ఏకైక రుజువు అదే.

మరుసటి ఏడాదికి కుర్చీలు రాయిలా ఆరిపోయాయి. అయినా అత్తవారి ఆచారాన్ని మర్చిపోయే అల్లుడా ఆయన? అందరికన్నా ముందు తనే పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళూ నిలబడ్డారు. అలా ఇరవై ఆరు క్రిస్మస్‌లు. కూతురు నిలబడ్డం నేర్చుకున్నదే ఆ బల్ల పట్టుకుని. మామగారు ఆరేళ్ళ కిందట పోయారు. పోయేముందు ఏడాది కూడా కర్ర ఆనించుకుని నిలబడే తిన్నారు.

ఆచారాల్లో మేస్త్రి మనసులో గుచ్చుకున్నది ఒక్కటుంది. మొదటి పండగైన వారానికే అత్తగారు కుర్చీల వీపులకు దారంతో అల్లిన తొడుగులు తెచ్చింది. కిటికీ పక్క కుర్చీకైతే తొడుగు వేసి అంచులు కుట్టేసింది కూడా. దాన్ని విప్పడం, ఉతకడం, మళ్ళీ కుట్టడం అన్నీ ఆవిడే, ఇంకెవర్నీ ముట్టనిచ్చేది కాదు. తన మెరుగంతా తొడుగుల కిందికి పోయిందని మేస్త్రికి కడుపుమంట. కానీ ఒప్పందం ఒప్పందమే, అడగలేదు.

ఈ ఏడాది డిసెంబరు రెండో వారంలో అత్తగారు ఫోన్ చేసింది. ఆవిడకి డెబ్భై ఎనిమిది. నాలుగు వీధుల అవతల ఒంటి గదిలో ఒంటరిగా ఉంటుంది.

"ఈసారి భోజనానికి రాలేనే పిల్లా. చర్చిలో పెద్దవాళ్ళకి పెడుతున్నారు, అక్కడ తినేస్తా."

"అదేంటమ్మా! పెళ్ళయ్యాక మొదటి పండగని మనవరాలు మొగుణ్ణి తీసుకుని వస్తుంటే?"

"తర్వాత వచ్చి చూస్తాలే."

భార్య ఫోన్ పెట్టేసి, పొంగుతున్న పాల మీద ఊదుతూ కళ్ళొత్తుకుంది. "మోకాళ్ళండీ. నిరుడు తింటున్నంతసేపూ బల్ల అంచు ఎలా పట్టుకుందో చూశారుగా. నిలబడలేక రానంటోంది. పైకి చెప్పదు."

మేస్త్రి చూశాడు. నిరుడు ఆవిడ పళ్ళెంలో కూర వణకడం కూడా చూశాడు. ఈ ఇంట్లో తన తరఫున సంతకం పెట్టిన ఏకైక మనిషి పండగపూట వేరేచోట తింటే, ఎనిమిది కుర్చీలూ పొయ్యిలో పెట్టుకోవడం మేలనిపించింది. కానీ మీ ఆచారం మీరు తప్పండి అని బయటివాడు ఎలా చెప్పగలడు? దానికి పై అధికారి అనుమతి కావాలి.

పై అధికారి పాస్టరుగారు. ఆ వారం మేస్త్రి చర్చిలో బెంచీలకు శాండ్‌పేపర్ కొడుతున్నాడు. పాస్టరుగారు కాగితాలతో అటుగా రాగానే లేచి, చేతులు తుడుచుకుని, విన్నపం వినిపించాడు.

"అయ్యగారూ, మోకాళ్ళు పోయినవాళ్ళు క్రిస్మస్ భోజనం కూర్చుని చేయడానికి మీలో మినహాయింపు ఏమన్నా ఉందా?"

"మాలో అంటే?"

"అదే, మీ సంఘంలో నిలబడి తినాలిగా."

"మేస్త్రీ, నాకిది ముప్ఫయ్యో క్రిస్మస్ ఇక్కడ. అన్నీ కూర్చునే తిన్నాను, నా పొట్ట చూస్తే తెలియట్లేదా? నిలబడ్డం మీ ఇంటి ఆచారం కదా! మీ అత్తగారే గొప్పగా చెప్పారు. 'మా అల్లుడి వైపు వాళ్ళు ఎంత వినయం గలవాళ్ళో, పండగనాడు కుర్చీ ముట్టరు' అని."

మేస్త్రి వంగి, రుద్దేసిన బెంచీనే మళ్ళీ రుద్దసాగాడు.

"తొలి క్రిస్మస్ రాత్రి సత్రంలో చోటు దొరకనివాళ్ళని తలుచుకుంటూ నిలబడి తినే కుటుంబం ఒకటి మన మధ్యే ఉందని నేను రెండుసార్లు ప్రసంగంలో కూడా చెప్పాను," అన్నాడు పాస్టరుగారు, కాస్త అనుమానంగా. "తప్పేమైనా చెప్పానా?"

"లేదు లేదు, బాగుంది," అన్నాడు మేస్త్రి. ఆరని డబ్బాడు వార్నిష్ ప్రసంగ వేదిక దాకా ఎక్కిందని ఆయనకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం పని దిగి తిన్నగా అత్తగారి గదికి వెళ్ళాడు. ఉన్నదున్నట్టు చెప్పే ఉద్దేశం దారిలోనే ఆవిరైంది. ఆవిడ కుర్చీలో కూర్చుని, మోకాళ్ళకి గుడ్డ చుట్టుకుని ఏదో అల్లుతోంది.

"అత్తయ్యా, ఒక మాట. మావాళ్ళలో డెబ్భై ఐదు దాటినవాళ్ళు కూర్చుని తినొచ్చు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ ఉంది. నాకే ఆలస్యంగా తెలిసింది."

"నాకోసం మీ ఆచారం వంచకండి బాబూ," అంది ఆవిడ సూది ఆపకుండా. "ఇరవై ఆరేళ్ళు మర్యాదగా నిలబడ్డాను. ఇప్పుడు ఆఖర్లో కూర్చుని చెడగొట్టుకోను. కూర్చోవాల్సివస్తే రాను. అంతే."

ఇక వెనక్కి దారి లేదు. మేస్త్రి చెప్పుల వైపు చూస్తూ, ముద్దాయి వాంగ్మూలం ఇస్తున్నట్టు చెప్పాడు. "ఆచారం లేదు, పాడూ లేదు అత్తయ్యా. మొదటి ఏడు వార్నిష్ ఆరలేదు. మావయ్య దగ్గర గొప్పలు చెప్పానుగా, సిగ్గేసి నిలబడ్డాను. మీరూ నిలబడేసరికి మీ ఆచారం అనుకున్నాను. ముప్ఫై రెండేళ్ళ పనిలో ఆరనిది అదొక్కటే. అది మీ ముందే జరిగింది."

అల్లిక ఆగింది.

"వార్నిష్ ఆరలేదని నాకు ఆవేళే తెలుసుగా," అంది అత్తగారు.

"ఆఁ?"

"కిటికీ పక్క కుర్చీ లాగబోయాను. అయిదు వేళ్ళూ అంటుకున్నాయి. మీ మొహం చూస్తే కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. కొత్తల్లుడు, ఏమని అడుగుతాం? మీ మావయ్యకి కన్ను గీటి నిలబడ్డాను. ఇంటికెళ్ళాక వేళ్ళు కిరసనాయిలుతో కడుక్కున్నా."

"మరి రెండో ఏడు? అప్పటికి ఆరిందిగా!"

"ఆరింది. అయినా మీరు నిలబడ్డారు! అప్పుడనుకున్నాం, 'అయ్యో, నిజంగానే వీళ్ళ ఆచారం కామోసు, నిరుడు వార్నిష్ సంగతి కలిసొచ్చింది' అని. మొదటి ఏడు మీ వార్నిష్ కోసం నిలబడ్డాం బాబూ. మిగతా పాతికా మీ ఆచారం కోసం."

మేస్త్రి ఎదురుగా ఉన్న మంచం మీద కూర్చున్నాడు. "ఆ తొడుగులు?"

"నా అయిదు వేళ్ళూ దాని వీపు వెనక, మీ కంట పడని కిటికీ వైపున, అచ్చుపడి ఆరిపోయాయి. వచ్చిన ప్రతివాడూ 'ఇదేంటి మేస్త్రీ' అని అడగడూ? ఒక్కదానికి వేస్తే అనుమానం వస్తుందని ఎనిమిదింటికీ అల్లాను. ఎనిమిది కుర్చీలు! మీకేం పోయింది, చూపు నాకు పోయింది."

పండగనాడు పొద్దున్న గడియారాలకు కీ తిరిగింది. చర్చి అయ్యాక మొదటి పళ్ళెం గోడ దాటింది. అత్తగారు చిన్న కత్తెరతో కిటికీ పక్క కుర్చీ తొడుగు కుట్లు విప్పింది. వీపు పలక మీద నాలుగు వేళ్ళు, ఓరగా ఒక బొటనవేలు, గోధుమరంగు మెరుపులో స్పష్టంగా ఉన్నాయి. మేస్త్రి వంగి, వృత్తి ధర్మంగా, గోటితో గీకి చూశాడు. గట్టిపడింది.

"గీకేసి మళ్ళీ వేస్తారా?" అంది భార్య.

"పని చెడినచోటే మేస్త్రి గుర్తు ఉండాలి," అన్నాడాయన. "ఇందులో అత్తయ్య గుర్తు పడింది. ఉండనీ."

"అబ్బో, ఇక మొదలు," అంది అత్తగారు, ఆ కుర్చీలోనే కూర్చుంటూ. మోకాళ్ళు చప్పుడు చేశాయి. ఆవిడ బల్ల కింద కాళ్ళు చాచుకుని, "నాకు ఇన్నాళ్ళూ తెలియనే లేదు, ఈ కుర్చీ ఎంత బాగుందో!" అంది.

భార్య ఒక కుర్చీలో, మేస్త్రి ఒక కుర్చీలో కూర్చున్నారు. కూర్చుని చూస్తే బల్ల ఎత్తు కొత్తగా ఉంది, చికెన్ గిన్నె దూరంగా ఉంది. ఏం చేయాలో తోచక ముగ్గురూ ప్రార్థన మామూలుకన్నా పొడుగ్గా చేశారు.

ఆమెన్ దగ్గర కూతురూ కొత్తల్లుడూ ఆయాసపడుతూ వచ్చారు, బస్సు ఆలస్యం. కూతురు కేకు పెట్టెతో నేరుగా వంటింట్లోకి పోయింది. అల్లుడు అందరికీ నమస్కారం పెట్టి, ఇస్త్రీ నలగని చొక్కాతో, ఒక పళ్ళెం చేతిలోకి తీసుకుని, గోడ వైపు చూస్తూ నిటారుగా నిలబడ్డాడు. పదిహేను రోజులుగా కూతురి చేత తర్ఫీదు పొందినవాడిలా ఉన్నాడు. పెద్దవాళ్ళు కూర్చున్నారన్న సంగతి చూశాడు, కానీ అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

భార్య ఒప్పందం గుర్తొచ్చి నోరు మూసుకుంది. అత్తగారు మేస్త్రి చెవి దగ్గరకు వంగి గుసగుసగా, "అతని వైపు వాళ్ళ ఆచారమేమో. అడక్కండి" అని, రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేవబోయింది.

మేస్త్రి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. పక్క కుర్చీ వెనక్కి లాగి, వీపు పలక మీద వేలు పెట్టి, తీసి, ఆ వేలిని అల్లుడికి చూపించాడు.

"కూర్చో బాబూ. ఆరింది."