పగటి నిద్ర

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక బరువు ఉంది. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. నా భర్త నిద్రను నేను పాడుచేశాను. తెలిసే చేశాను.

మాది గద్వాల, చీరలు నేసే ఇల్లు. మా చీరకు అంచు వేరే, నడిమి బట్ట వేరే. రెండూ కలుపుతూ నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు ఉండాలి. ఆయన నేసేవాడు, నేను పక్కన కూర్చుని అంచు నాడె, అంటే అంచు దారం చుట్టిన కండె ఉండే చెక్క, అందించేదాన్ని. ఊళ్లో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే కనబడుతున్న రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నెలలు గడిచాక కర్ర పట్టుకుని నడిచాడు, మాట కూడా తిరిగింది. కానీ ఆ నిద్ర! అన్నం తింటూ తింటూనే తూగేవాడు. నేయడానికి ఆయన బదులు మగ్గం గుంతలోకి నేను దిగాను, ఆయన కుడిచేత్తో నాడె అందిస్తే చాలు. బట్ట బెత్తెడు సాగకముందే తల వాలిపోయేది.

కర్నూలు దవాఖానకు తీసుకెళ్లాను. చూపించాక ఆయనను బయట బల్ల మీద కూర్చోబెట్టి, మందుల సంగతి అడగడానికి నేనొక్కదాన్నే మళ్లీ లోపలికి వెళ్లాను. మెదడుకు దెబ్బ తగిలాక అలసట ఇలాగే ఉంటుందని, పగలు కాసేపు పడుకోనివ్వమని, బద్ధకం అనుకోవద్దని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. విన్నాను. అర్థం కూడా అయింది. బయటికి వచ్చేసరికి ఆయన ఆ బల్ల మీదే నిద్రపోతున్నాడు. భుజం పట్టి కుదిపాను.

"ఏమన్నడే డాక్టరు?"

"పగటిపూట పండుకోవద్దన్నడు. పండుకుంటే మల్ల పక్షవాతం వస్తదంట."

ఆయన ముఖం పాలిపోయింది. "గట్లయితే నేను తూగినప్పుడల్ల జర లేపు నన్ను," అన్నాడు.

ఎందుకన్నాను? ఇంట్లో పిల్లలున్నారు, మగ్గం మీద చీర సగంలో ఆగింది అని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు, కానీ అంతా అదే కాదు. ఆయన హాయిగా నిద్రపోతుంటే నాకు కోపం వచ్చేది. నాకు లేని నిద్ర ఆయనకెందుకు అనిపించేది. జబ్బు మనిషిని చూసి ఈర్ష్యపడే భార్య ఉంటుందా? ఉంది. నేనే.

చీర పూర్తయింది. ఆ తరువాతే గమనించాను, ఆయన పగటి నిద్రకే కాదు, రాత్రి నిద్రకూ భయపడుతున్నాడని. కునుకు పట్టగానే ఉలిక్కిపడి లేచి, ఎడమచేతి వేళ్లు కదులుతున్నాయో లేదో చూసుకునేవాడు. మనిషి చిక్కిపోయాడు. చెయ్యి అంతకుమించి తేరుకోలేదు. సరిగ్గా నిద్రపోతే తేరుకునేదేమో, నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను తినేస్తోంది.

ఒకసారి ధైర్యం చేసి, నిజం చెప్పేద్దామని పక్కన కూర్చున్నాను. పండుకో, ఏం గాదు అన్నంతవరకే నా నోరు పెగిలింది. ఆయన నవ్వాడు.

"నువ్వు లేపబట్టే బతికిన," అన్నాడు.

ఇంటికొచ్చిన చుట్టాలకూ ఈ మాటే చెప్తాడు. వాళ్లు నన్ను మెచ్చుకుంటారు. నేను చాయ్ పెట్టే వంకతో లేచిపోతాను. ఇప్పుడు నిజం చెప్తే ఆయనకు ఏం మిగులుతుంది? అసలు నా బెంగ ఆయన గురించేనా, నాకు ఏం మిగులుతుందనా? తేల్చుకోలేకపోతున్నాను. అలసిపోయాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లోపల గోడకు ఆనుకుని, బలవంతాన మేలుకుని ఉన్నాడు. ఒక్కరికైనా చెప్పాను. ఊపిరి కాస్త ఆడుతోంది.