చక్రానికి జరం

డెబ్బైల చివర్లో ఓ మధ్యాహ్నం. మడికొండ దాటగానే మా సర్వీసు జీపు ముందువైపు గరగరమంది. ఎక్కువమందిని ఎక్కించడానికి స్ప్రింగు పట్టీలు వేసి ఎత్తు పెంచిన బండి అది.

"ఫోర్ వీల్ బండి, దీనికేం గాదు" అంటూనే డ్రైవరు బానెట్ తెరిచి ఇంజన్‌ను తిట్టసాగాడు.

నా పక్కనున్న ముసలమ్మ దిగి, పసిపిల్లల నుదురు చూసినట్టు, చేతి వెనకవైపుతో ఒక్కో చక్రం నడుమా తాకింది. ముందు ఎడమ చక్రం దగ్గర చటుక్కున చెయ్యి లాక్కుంది.

"ఇంజన్‌నెందుకు తిడ్తానవ్ కొడుకా? జరమచ్చింది దీనికి!"

డ్రైవరు నవ్వుతూ ముట్టుకుని, చెయ్యి చుర్రుమని కాలి ఎగిరి గంతేశాడు. "బేరింగు పోయింది పెద్దమ్మా! ఇంక జర పోతే ఇరుసిరిగి చక్రం ఊడిపోతుండె!"

అందరం నవ్వుకుంటూ ధర్మసాగర్ దాకా నడిచాం.

ఇప్పటికీ దారిలో కారు ఆపితే, దిగి చక్రాలను అలాగే ముట్టి చూస్తాను. మా ఆవిడ లోపలి నుంచే అడుగుతుంది:

"తగ్గిందా?"