గడ్డం తీసిన పొద్దు

పనిలో అందరూ ఆయన్ని గడ్డం మేస్త్రీ అనేవాళ్లు. లిఫ్టులు బాగుచేసే పని. వయసు నలభై ఆరు, రొమ్ము దాకా గడ్డం. అందులో నట్లూ స్ప్రింగులూ దాచుకుంటాడని తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఒకసారి నిజంగానే ఒక వాషర్ దొరికింది. ఆ ముచ్చట ఆరు నెలలు నడిచింది. ఆయనా కడుపుబ్బ నవ్వాడు. ఎందుకు పెంచావని ఎవరైనా అడిగితే మాత్రం, చేతిలో ఉన్న స్పానర్‌కు ఎక్కడలేని పనీ పుట్టుకొచ్చేది.

కారణం ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ ఆ మాట ఎత్తరు.

ఆయనకొక అన్న ఉండేవాడు. రెండేళ్లు పెద్ద, అదే కంపెనీ, అదే పని. మొహాలు అచ్చు గుద్దినట్టు ఒకటే. జీతాలిచ్చే మనిషి కూడా "నువ్వు పెద్దా చిన్నా?" అని అడిగి సంతకం పెట్టించుకునేవాడు. పంతొమ్మిదేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున, లిఫ్టు తిరిగే షాఫ్ట్‌లో ఆరో అంతస్తు దగ్గర కాలు జారి అన్న పోయాడు. ఆ రోజు డ్యూటీ నిజానికి తమ్ముడిది. ఒళ్లు కాలిపోయే జ్వరంతో మంచమెక్కి ఉన్నాడు. కంపెనీవాళ్లే అన్నను పిలిచి ఉంటారని అనుకున్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత నెల రోజులకు తమ్ముడు మంగలి షాపుకు వెళ్లి, నున్నగా గీయించుకుని ఇంటికొచ్చాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే అమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. రెండడుగులు వేసింది. మూడో అడుగులో వచ్చింది చిన్నోడని పోల్చుకుంది. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండగానే కుప్పకూలిపోయింది. లోపలినుంచి పరుగెత్తుకొచ్చిన వదిన అమ్మను లేపలేదు. ఆయన మొహం వంకే చూస్తూ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

మర్నాటి నుంచి ఆయన గడ్డం ముట్టుకోలేదు. పెళ్లి సంబంధాలు వచ్చాయి, పోయాయి. అమ్మ గడ్డం పట్టుకుని బతిమాలుదామన్నా చెయ్యి అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. ఏళ్లు గడిచాయి. అమ్మ చూపు మందగించి మందగించి, ఐదేళ్ల నుంచి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చింది. వదిన ఒక లాండ్రీలో ఇస్త్రీ విభాగం చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఇలా సాగుతున్న బతుకులోకి ఒక మాస్కు వచ్చిపడింది.

రసాయనాలు నిలవచేసే గోదాములో పాత సరుకుల లిఫ్టు మొరాయించింది. ఆ లిఫ్టు నాడి తెలిసినవాడు కంపెనీలో ఆయనొక్కడే. అడుగున గుంటలో విషవాయువు నిలుస్తోందని, గాలి మాస్కు లేనిదే దిగకూడదని కొత్తగా నియమం పెట్టారు. సేఫ్టీ ఆఫీసర్ మాస్కు తొడిగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గడ్డం ఉంటే ఇది చెంపలకు అతుక్కోదండీ. సందుల్లోంచి గాలి దూరుతుంది. లోపల ఒక్క ఊపిరి పీల్చారా, రెండోది ఉండదు."

"నాలుగు నెలల పని. గడ్డం తియ్యకపోతే?"

"మీరు పైన కూర్చోండి. మీ బదులు ఇంకొకర్ని దింపుతాం."

బదులు అన్న మాట ఆయనకు ఎక్కడో తగిలింది. ఆ సాయంత్రమే మంగలి దగ్గర మిషనుతో గడ్డం కత్తిరించేశాడు. కానీ రోజూ నున్నగా ఉండాలి. నలభై ఆరేళ్లొచ్చినా సొంతంగా బ్లేడు పట్టి ఎరగడు. డబ్బాలో వచ్చే నురగ, ఒకసారి వాడి పారేసే రేజరు కొని గోదాములోనే తంటాలు పడ్డాడు. రెండు రోజులకు మెడంతా ఎర్రగా దద్దుర్లు లేచి, చెంపల మీద సగం గడ్డం మిగిలింది. కేబుళ్ల పని చేసే తోటివాడొకడున్నాడు, ఊళ్లో అందర్నీ బావా అంటాడు. ఆయన మెడ చూసి పడీపడీ నవ్వాడు.

"కోడి ఈకలు పీకినట్టుందేంటి బావా!"

"గడ్డం కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట నీలాంటివాడు. నవ్వింది చాలు, ఉపాయం చెప్పు."

"డబ్బా నురగ అవతల పారెయ్. సబ్బు, మంచి బ్రష్షు కొను. పాత బజారులో కుంచెల తాత అని ఉన్నాడు. ఆయన చెప్పినట్టు విను."

కుంచెల తాత దుకాణం నిలువునా ఇద్దరు పట్టేంత ఇరుకు. గోడలకు మేకులు, మేకులకు తలకిందులుగా వేలాడే బ్రష్షులు. గాలి కదలకపోయినా వాటి వెంట్రుకల కొసలు సన్నగా వణుకుతున్నట్టు అనిపించింది. తాత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మెడ మీద దద్దుర్లు చూశాడు.

"మొదటిసారా?"

"అవునండీ. ఎక్కువ ఖరీదు వద్దు. కుదురుతుందో లేదో తెలీదు."

"కుదురుతుంది." తాత మూడు బ్రష్షులు బల్ల మీద పెట్టాడు. "ఇది పంది వెంట్రుక. చవకే, కానీ మెత్తబడటానికి నెల పడుతుంది. నీ మెడ అన్నాళ్లు ఓర్చుకోదు. ఇటు చివరిది, కొసలు తెల్లగా ఉన్నాయే, అది బాడ్జర్‌లో మేలురకం. పట్టులా ఉంటుంది, ధర వింటే పట్టు తప్పుతుంది. నడిమిది తీసుకో. ఇదీ బాడ్జరే, బొరియలు తవ్వుకుని నేల కింద బతికే జంతువు. ముదురు రంగు వెంట్రుక, కొంచెం గరుకు. నీరు బాగా పట్టి ఉంచుతుంది. నేర్చుకునేవాడికి ఇదే సరి."

ఆయన కుచ్చును బొటనవేలితో నొక్కి చూశాడు. నొక్కి వదలగానే నిటారుగా లేచింది. చెంపకు ఆనించుకున్నాడు. పొడిగా ఉన్నా ఎక్కడో తడిమట్టి వాసన వేసింది.

"వాసన ఉంటుంది," అన్నాడు తాత. "నాలుగైదు సార్లు సబ్బుతో కడుగు. మొదట్లో కొన్ని వెంట్రుకలు రాలతాయి, భయపడకు. గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు నాననిచ్చి, విదిలించి, సబ్బు మీద గుండ్రంగా తిప్పు. మొహానికేసి రుద్దకు, పూత పూసినట్టు పుయ్యి. అయ్యాక కొసలు కిందికి వేలాడదియ్యి."

పొట్లం కడుతూ తాత ఒక్క క్షణం ఆగాడు. ఆయన బ్రష్షును బొటనవేలూ రెండు వేళ్ల మధ్య, పిడి మెడ దగ్గర పట్టుకుని ఉన్నాడు.

"మొదటిసారి అన్నావు. చెయ్యి చూస్తే అలా లేదే," అన్నాడు తాత.

మర్నాడు పొద్దున ఆయన బాత్రూములో తలుపేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. చెప్పినట్టే చేశాడు. సబ్బు మీద తిప్పుతుంటే నురగ పాల మీగడలా చిక్కబడింది. వేడికి బ్రష్షులోంచి తడిసిన జంతువు వాసన లేచి చిన్న గదంతా కమ్ముకుంది. కుడి చెంప మీద రేజరు దిగింది. నురగ జారిన చోట ఒక దవడ అంచు బయటపడింది. ఎడమ చెంప. గడ్డం కింద సొట్ట. ఒక్కొక్క గీతకూ అద్దంలో మనిషి కొంచెం కొంచెంగా వస్తున్నాడు. ఎవరో తెలుస్తూనే ఉంది. రేజరు ఆపితే సగంలో ఆగిపోతాడు, ఆపకపోతే పూర్తిగా వస్తాడు. చెయ్యి ఆగలేదు.

చివర్న బ్రష్షు కడిగి, సింకు అంచుకు మూడుసార్లు కొట్టాడు. టక్, టక్, టక్. అలా కొట్టాలని తాత చెప్పలేదు, తానూ అనుకోలేదు. చెయ్యి దానంతటది కొట్టింది.

గోడ అవతల అమ్మ గదిలో మంచం కిర్రుమంది.

"పెద్దోడా," అంది అమ్మ. "లేచావా నాయనా?"

మీసాలొచ్చినప్పటి నుంచీ అన్న ఈ గోడ దగ్గరే గీసుకునేవాడు. ఆ మూడు చప్పుళ్లతోనే ఇల్లు నిద్రలేచేది. ఆయన కుళాయి కట్టేసి నిలబడ్డాడు. అమ్మ మళ్లీ పిలవలేదు.

వంటగదిలో వదిన ఆయన్ని చూసింది. అరవలేదు. పొయ్యి కట్టేసి, ఆయన ముందు కప్పు పెట్టి, తన కప్పు తీసుకుని వెళ్లి తన గదిలో తాగింది.

రెండో రోజు కొట్టకూడదనుకుని బ్రష్షును చేత్తోనే పిండాడు. అయినా గోడ అవతలినుంచి పిలుపు వచ్చింది. మూడో రోజూ వచ్చింది. నాలుగో రోజు అమ్మ గొంతులో దిగులు వినిపించింది. "పలకవేం రా పెద్దోడా? ఇంకా కోపమేనా?"

ఆయన నురగ మొహంతో గోడకు దగ్గరగా జరిగాడు. "ఊఁ," అన్నాడు.

"హమ్మయ్య," అంది అమ్మ.

అలా మొదలైంది. రోజూ ఆ ఐదు నిమిషాలు గోడకు అటు అమ్మ, ఇటు ఆయన. మిగతా రోజంతా అమ్మ మామూలే. చిన్నోడా అని పిలిచి మందులడిగేది, కాళ్లు లాగుతున్నాయనేది. గోడ ముచ్చట ఒక్కసారీ ఎత్తేది కాదు.

మూడు వారాలైనా వెంట్రుకలు రాలడం ఆగలేదు. మొహం కడుక్కుంటే పెదవికి అంటుకుని నల్లగా ఒకటి వచ్చేది. ఒకరోజు పని నుంచి అటే దుకాణానికి వెళ్లాడు. కుంచెల తాత తలెత్తి, నున్నటి ఆ మొహాన్ని చూసి చిరాకు పడ్డాడు.

"ఇప్పుడా రావడం? ఎల్లుండి వస్తానని చెప్పి మాయమైపోతివి!"

ఆయన నోరు తెరిచేలోపే తాత కింది సొరుగు లాగాడు. అడుగునుంచి పసుపుబారిన కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. లోపల బ్రష్షు ఉంది. పిడి పాతది, బొటనవేలు ఆనే చోట అరిగి గుంటపడి ఉంది. కుచ్చు కొత్తది, నీటి చుక్క ఎరగనిది. తాత చేతిరాతతో చీటీ: 'లిఫ్టు మేస్త్రీ, కుచ్చు మార్చాలి'. కింద తేదీ. పంతొమ్మిదేళ్ల కిందటి శుక్రవారం.

"నీదేగా?" అన్నాడు తాత.

ఆయన బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూశాడు. సరిగ్గా ఇమిడింది. "మా అన్నదండీ," అన్నాడు. తాత కళ్లద్దాలు దించుకుని చూసి, తలుపు దాకా సాగనంపాడు. రాలిన వెంట్రుకల సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఇంటికొచ్చి ఆ పొట్లం వదిన ముందు పెట్టాడు. ఆమె విప్పింది. పిడి మీద గుంటను వేలితో తడిమింది.

"ఈ బ్రష్షు పాడైందని నెల రోజులు నా ప్రాణం తీశాడు మీ అన్న. బాగుచేయించుకోవయ్యా అని విసుక్కున్నాను. ఎక్కడ పోయిందా అని తర్వాత ఇల్లంతా వెతికాను." పొట్లం కాగితం మడుస్తూ అంది, "పొద్దున నువ్వు గోడకు జవాబు చెప్తావు కదా. నాకూ వినిపిస్తుంది. మానకు మరిదీ. కానీ నేనున్నప్పుడు ఆ గొంతుతో మాట్లాడకు."

"నా గొంతే కదా వదినా."

"కాదు," అందామె. బ్రష్షు తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు ఆయన రెండో చెంప గీస్తుండగా గోడ అవతలినుంచి అమ్మ గొంతు వినిపించింది.

"పెద్దోడా, ఆ ఆదివారం నిన్ను లేపింది నేనే రా. కంపెనీవాళ్లు రాలేదు, ఎవరూ రాలేదు. చిన్నోడు జ్వరంతో లేచి బూట్లు వేసుకుంటున్నాడు. వాణ్ణి పడుకోబెట్టి, నీ దుప్పటి లాగి, వాడి బదులు నువ్వెళ్లు నాయనా అన్నాను. నువ్వు విసుక్కున్నావు. అయినా వెళ్లావు. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. నీకే చెప్పాలి కదా."

రేజరు కింద సన్నగా రక్తం చిమ్మింది. నురగలో ఎర్రటి చారను చూస్తూ నిలబడ్డాడు. బూట్లు వేసుకున్నట్టు తనకు గుర్తు లేదు. తలుపు చప్పుడు గుర్తుంది. అమ్మ చల్లటి చెయ్యి నుదుటి మీద గుర్తుంది.

"నామీద కోపమా?"

ఏమనాలి? ఎవరి తరఫున అనాలి? నోరు తెరిస్తే మాట ఆలోచనకంటే ముందే వచ్చేసింది. "వాడికి జ్వరం కదమ్మా. నువ్వు లేపకపోయినా నేనే వెళ్లేవాణ్ణి."

గోడ అవతల అమ్మ ఏడ్చింది. పెద్దగా కాదు, కుండలో నీళ్లు ఒలికినట్టు. ఏడుపు ఆగాక మామూలు గొంతుతో అంది. "సరే నాయనా, ఇక వెళ్లు. వెళ్తూ చిన్నోణ్ణి ఒకసారి పంపు. వాడు గడ్డం తీశాడట. చూడాలి."

ఆయన మొహం కడుక్కుని, తుడుచుకుని, బాత్రూము నుంచి అమ్మ గదికి నడిచాడు. పది అడుగులుంటాయి. ఆ పది అడుగుల్లో ఎక్కడ ఒకడు ఆగిపోయి ఇంకొకడు మొదలయ్యాడో ఆయనకే తెలియలేదు. మంచం పక్కన కూర్చున్నాడు. అమ్మ రెండు చేతులూ చాపింది. నుదురు, కనుబొమలు, చెంపలు, తెగిన చోటు, గడ్డం సొట్ట. వేళ్లు నెమ్మదిగా, తొందరేం లేనట్టు తిరిగాయి.

"మీ అన్న పోలిక అంటారు అందరూ," అంది చివరికి. "గుడ్డివాళ్లు. వాడి దవడ వేరు, నీ దవడ వేరు. నువ్వు నువ్వే రా. చిన్నప్పటి నుంచీ నువ్వే."

ఆయన ఆమె ఒళ్లో తల పెట్టాడు. గుమ్మం దగ్గర వదిన ఎంతసేపు నిలబడిందో ఇద్దరికీ తెలియదు.

తర్వాతి రోజు పొద్దున గోడ అవతల ఏ చప్పుడూ లేదు. ఆయన బ్రష్షును మూడుసార్లు కావాలనే కొట్టాడు. మంచం కిర్రుమంది, అంతే. నురగ చెంపల మీద ఎండి బిగుసుకుపోయేదాకా ఎదురుచూశాడు. ఎవరూ పిలవకుండానే "ఊఁ" అన్నాడు. ఇరుకు గదిలో ఆ గొంతు గోడకు తగిలి తిరిగొచ్చింది. తనదో కాదో తేల్చుకోలేకపోయాడు.

"మరిదీ, టైమవుతోంది," అని వంటగదిలోంచి వదిన కేకేసింది. రెండు కప్పులూ బల్ల మీదే ఉన్నాయి.

గోదాములో లిఫ్టు పని నాలుగు నెలలకు పూర్తయింది. ప్రతిసారీ గుంటలోకి ఆయనే దిగాడు. అమ్మ ఇంకో ఏడాది బతికింది. పెద్దోణ్ణి మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. మాస్కు అవసరం తీరినా ఆయన గడ్డం పెంచలేదు. పనిలో జనం కొన్నాళ్లు గడ్డం మేస్త్రీ అనే అన్నారు. కొత్తగా చేరినవాళ్లకు ఆ పేరెందుకో అర్థమయ్యేది కాదు.