ముందు వరసలో గుడిసెలు

"...గుడిసెలు లేకపోతే ఆ బొమ్మకు వచ్చిన లోటేంటయ్యా? కెనలెట్టో అంతటి చిత్రకారుడే వెనిస్ నగరాన్ని గీస్తూ గోపురాలు పక్కకు జరిపాడు!" చరిత్ర లెక్చరర్ ఇమ్మానుయేలు గారి గొంతు వరండా దాకా వినబడింది.

"జరిపిండు సార్. తీసెయ్యలే గద," అన్నాడు సామేలు.

"నాకే పాఠం చెప్తున్నావా?"

అది 1967. ఇటలీ నగరచిత్రాల ప్రింట్లతో యూనివర్సిటీ క్యాంపస్‌లో ప్రదర్శన పెడుతున్నారు. రెండు వందల ఏళ్ల కిందట యాత్రికులు ఊరి గుర్తుగా కొనుక్కుపోయిన చిత్రాలవి. వాటి పక్కన, అదే పద్ధతిలో గీసిన మన ఊరి దృశ్యం ఒకటి ఉండాలని లెక్చరర్ కోరిక. ఎనిమిదేళ్లుగా అక్కడ పటాలకు నకళ్లు గీసే టెంపరరీ ట్రేసర్‌గా ఉన్న సామేలుకు ఆ పని అప్పగించారు. బాగా గీస్తే పర్మనెంటు ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం ఇస్తానన్నారు.

సామేలు నెల రోజులు హాస్టల్ మేడెక్కి తార్నాక వైపు చూస్తూ గీశాడు. రోడ్డు, కొత్త బంగళాలు, దూరంగా లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పొగగొట్టం. ముందు వరసలో రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలు. మూడోది తల్లి ఉప్పలమ్మది. అతను పుట్టింది అందులోనే.

గుడిసెలు తీసెయ్యమని లెక్చరర్ అన్న ఆ మధ్యాహ్నమే చిత్రం చుట్టుకుని తల్లి దగ్గరికి వెళ్లాడు. అట్టకు అంటించమని ఆయన ఇచ్చిన కెనలెట్టో ప్రింటు కూడా చంకలో ఉంది. ట్రేసింగ్ గుడ్డ మీద సిరా గీత పోవాలంటే బ్లేడుతో గీకాలి. మొదటి గుడిసె కప్పు గీకాడు. లేచి బయటికి వెళ్లాడు. వచ్చాడు. బ్లేడు తుడిచాడు. మళ్లీ లేచాడు.

"గా తిరుగుడేందిరా, కాళ్లకు చీమలు పట్టినయా?" అంది ఉప్పలమ్మ. "గీకెయ్యి. బొమ్మల గుడిసె బువ్వ వెడ్తదా?"

అతను ప్రింటు చూపించాడు. ఆమె దాన్ని గుమ్మంలోకి తెచ్చుకుని చూసింది. కాలువకు ఇవతల చెక్కుతున్న బండలు, చెక్కల కొట్టం, ఆరేసిన బట్టలు, పనిలో వంగిన మనుషులు.

"వీళ్లు గూడ మన లెక్కనే రాళ్లోళ్లా? వీళ్లనెవ్వరు గీకలేదేంది?"

"గీకలేదవ్వా."

"మీ సారు సూడలేదా?"

"ఆయన ఇచ్చిందే ఈ బొమ్మ."

ఉప్పలమ్మ నవ్వింది. "అయితే ఆయన కండ్లు యాడ వెట్టిండో! సరె, నీకు నౌకరి గావాలె. గీకు."

మర్నాడు సామేలు చిత్రాన్ని లెక్చరర్ బల్ల మీద పరిచాడు. ఇమ్మానుయేలు గారు వంగి చూశారు. మొదటి గుడిసె కప్పు మీద సిరా కొంచెం అలుక్కుపోయింది. గీకిన చోట మళ్లీ గీస్తే అంతే. మిగతా గుడిసెలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"ఉత్తరం టైపయింది, సంతకమే తరువాయి," అన్నారాయన కాగితం చూపిస్తూ. "ఇవి తీసేసి పట్టుకురా."

"తీయను సార్. ఉత్తరం మీ దగ్గరనే ఉంచుకోండ్రి."