టార్పెడో పోయాక దించే మంచం

2019 ఆగస్టు 17, శనివారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, లివర్‌పూల్ దగ్గర ప్రదర్శనకు పెట్టిన జర్మన్ జలాంతర్గామిలోకి మనవరాలితో కలిసి దిగాను. నా రెండో ఏట, రెండో ప్రపంచ యుద్ధంలో, మా నాన్న బాయిలర్‌లో బొగ్గు వేసే సరుకుల ఓడను ముంచింది ఇలాంటిదే.

"కుర్రాళ్లు టార్పెడోల మధ్యే పడుకునేవారు. ఓడ మీదికి ఒకటి వదిలితే ఆ ఖాళీలో ఇంకో మంచం దించుకునేవారు" అన్నాడు గైడ్.

పక్కనున్న ఇనుప కడ్డీ పట్టుకుని ఆగిపోయాను.

"అమ్మమ్మా, ఆర్ యూ ఓకే? ఈ బెడ్ మీద కూర్చో, నోబడీ మైండ్స్" అంది మనవరాలు.

"వద్దే తల్లీ. అది ఖాళీగా లేదు" అన్నాను.

మా నాన్న పోయిన రాత్రి, ఆ టార్పెడో ఖాళీలో ఎవడో కుర్రాడు హాయిగా కాళ్లు చాపుకుని ఉంటాడు. నాన్న ముఖం నాకు గుర్తులేదు. ఇప్పుడు నిద్రలో ఆ కుర్రాడే కనిపిస్తున్నాడు.

ఆ ఓడలో పోయినవారు నాన్నతో కలిపి ముప్పై ఏడుగురు.