తీపి ముట్టని గడ్డ

ఆ రోజు పొద్దున్న రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. ఉన్నట్టుండి మెడ నుంచి మొహం దాకా సెగ కొట్టింది. పక్కనే నూలు సర్దుతున్న మా తోటికోడలు నవ్వింది.

"ఏంటక్కా, మొహం అంతెర్రగా అయిపోయింది? బావగారేమన్నా అన్నారేంటి?"

నేనూ నవ్వేశాను. కానీ ఆ సెగ రోజూ రావడం మొదలైంది. తోడుగా నీళ్ళ విరేచనాలు. మా ఊరు బండారులంకలో చూపిస్తే నెలసరి ఆగే వయసన్నారు. నాకది ఆగి చాలా ఏళ్ళయింది. చివరికి అమలాపురంలో సీటీ స్కాన్ తీస్తే చిన్న పేగు పక్కన గడ్డ కనిపించింది. పెట్ స్కాన్ కోసం విశాఖపట్నం వెళ్ళమన్నారు.

రాత్రి నుంచి ఏమీ తినకుండా రమ్మన్నారు. ఆ మాట తప్పలేదు. మా ఇంట్లో శుక్రవారం ఉపవాసమంటే అన్నం మానేసి కొబ్బరి బొండం తాగడమే. బస్సు దిగాక నేను నీరసపడిపోతానని మా ఆయన ఆసుపత్రి ఎదురుగా బొండం కొట్టించారు. లోపల నర్సు వేలికి సూది గుచ్చి చూసింది. షుగరు ఎక్కువగా ఉంది.

"ఏమన్నా తిన్నారామ్మా?"

"లేదండీ, ఉపవాసమేనండీ. బొండం నీళ్ళు తాగేనంతే."

స్కాన్ తీసే అబ్బాయి తల పట్టుకున్నాడు. "ఈ ఎఫ్‌డీజీ మందు ఓ రకం చక్కెరేనమ్మా. దానికి కొంచెం రేడియేషన్ తగిలించి ఎక్కిస్తాం. ఆకలి మీదున్న కేన్సర్ కణాలు దాన్ని లాక్కుంటాయి. మీరు ముందే తీపి తాగి వస్తే బొమ్మ సరిగ్గా రాదు."

"తీపి కాదు బాబూ, బొండం" అన్నారు మా ఆయన.

మర్నాడు నిజంగా ఖాళీ కడుపుతో వెళ్ళాను. రిపోర్టులో గడ్డ ఉంది గానీ దానికి మందు పట్టలేదని వచ్చింది. "ఇంకేంటి, కేన్సర్ లేనట్టే. పద, ఇంటికెళ్ళిపోదాం" అన్నారు మా ఆయన. నా మనసూ అదే కోరుకుంది. డాక్టరుగారి ముందు కూర్చోగానే మళ్ళీ సెగ వచ్చింది. ఆవిడ నా మొహం వంకే చూశారు.

"ఇది న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అనే రకం కేన్సర్ అయి ఉండొచ్చమ్మా. ఈ సెగలూ, విరేచనాలూ దానివల్లే కావచ్చు. నెమ్మదిగా పెరుగుతుంది, చక్కెర కోసం అంతగా ఎగబడదు. దీనికి గాలియం డోటాటేట్ అని వేరే మందుంది. అది ఆ కణాల మీద కొక్కేల్లా ఉండే రిసెప్టర్లకి అతుక్కుంటుంది."

"అదే మంచి మందైతే ముందే అదే ఎక్కించొచ్చు కదండీ?" అన్నారు మా ఆయన కోపంగా.

"ఇందులో మంచీ చెడ్డా లేదండీ. త్వరగా పెరిగే కేన్సర్లలో చాలావాటిని ఎఫ్‌డీజీయే బాగా చూపిస్తుంది. ఒక దానికి కనపడింది ఇంకో దానికి కనపడకపోవచ్చు."

బయట బెంచీ మీద మా ఆయన ఇంటికే అని పట్టుబట్టారు. నాకు నూలుకి రంగులేసే పని గుర్తొచ్చింది. "పట్టుకెక్కే రంగు నూలుకెక్కకపోతే, అక్కడ నూలే లేదంటామా?" అన్నాను. ఆయన లేచి, "రెండోది ఎప్పుడు తీస్తారో కనుక్కొస్తాను" అన్నారు.

రెండో స్కాన్‌కి షుగరుతో పేచీ లేదు. "ఈసారి బొండం తాగొచ్చా బాబూ?" అని మా ఆయన అడిగితే ఆ అబ్బాయి పడీ పడీ నవ్వాడు. డాక్టరుగారు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించారు. మొదటి దాంట్లో మసగ్గా ఉన్న చోటే రెండో దాంట్లో దీపంలా వెలుగుతోంది. పేగులో ఇంకో చుక్క, లివర్‌లో ఒకటి. లివర్ అనగానే నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"భయపడకండమ్మా. ఎక్కడుందో తెలిసింది, ఇక వైద్యం చెయ్యొచ్చు" అన్నారావిడ.

పేగు ముక్కా, గడ్డా ఆపరేషన్‌లో తీసేశారు. బయాప్సీలో ఆవిడ చెప్పిందే తేలింది. కుట్లకి చీము పట్టి కొన్నాళ్ళు మంచం మీదే ఉన్నాను. యాభై దాటాక మా అమ్మాయి దగ్గర అక్షరాలు నేర్చుకున్న దాన్ని. ఆ మంచం మీదే ఇలాంటి జబ్బు వచ్చినవాళ్ళు రాసుకున్న అనుభవాలు కూడబలుక్కుని చదివాను. ధైర్యం వచ్చింది. అందుకే నాదీ రాస్తున్నాను.

లివర్‌లో చుక్క అలాగే ఉంది, పెరగలేదు. దాని కోసం నెలనెలా ఇంజక్షన్ చేయించుకుంటున్నాను. సెగలు బాగా తగ్గాయి. మళ్ళీ కండెలు చుడుతున్నాను. రక్త పరీక్ష ఉన్న రోజు బొండాలాయన పిలిచినా మా ఆయన ఆగరు, "తిరిగొచ్చేటప్పుడండీ" అంటారు.

నేను చెప్పేది ఒక్కటే. రిపోర్టులో ఏమీ లేదని వస్తే సంతోషించండి. కానీ బాధ తగ్గకపోతే మాత్రం, ఏ మందు ఎక్కించి చూశారో, ఆ మందుకి కనపడనిది ఇంకేమన్నా ఉంటుందేమో డాక్టరుగారిని అడిగాకే ఇంటికి బస్సెక్కండి.