తెడ్డు అతుకులో ఉప్పు

మీరే. అద్దె కయాక్ పడవ దిగి, తెడ్డును తడి ఇసుకలో పడేసి ఫోటోలకు పరుగెత్తింది మీరే. దాన్ని తీసి కడిగిన మనిషి ముఖం గుర్తుందా? ఉండదు. మొన్న శుక్రవారం మిట్టమధ్యాహ్నం, డ్యూటీ మధ్యలో, ఆ ఒడ్డునే కుప్పకూలి చనిపోయాడు. ఖతార్‌లో, మెసైమీర్ లేబర్ క్యాంప్‌లో నా పక్క మంచం ఆయనది. అన్నా అని పిలిచేవాణ్ణి.

జగిత్యాల దగ్గర ఊరు. ఈత నేర్చింది వ్యవసాయ బావిలో, ఉద్యోగం సముద్రం ఒడ్డున. ఆ తెడ్లు మధ్య అతుకు దగ్గర ఊడదీస్తే రెండు ముక్కలవుతాయి. చేరిన కొత్తలో, అతుకు బిగుసుకుపోతోందని ఇంటి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె పూశాడట. నూనెకు ఇసుక పట్టింది. చెరో కొస పట్టి లాగితే ఆయనా, తోటి నేపాలీ అతనూ చెరోవైపు పడ్డారు గానీ తెడ్డు ఊడలేదు. "నా నెత్తికి నూనె లేదు గని, తెడ్డుకు తలంటు పోసిన తమ్మీ" అని తనమీద తనే నవ్వేవాడు.

ఆ తర్వాత నూనె బంద్. రోజూ సాయంత్రం అతుకు బటన్ నొక్కి ముక్కలు విడదీయడం, అతుకు లోపలిదాకా మంచినీళ్ళతో ఉప్పు కడగడం, గుడ్డతో తుడిచి నీడలో విడివిడిగా ఆరబెట్టడం. "అట్లనే జోడిచ్చి పెడితె ఉప్పు పట్టి ఇగ ఊడయి. యాల్లకు ఇడదీస్తెనే మళ్ల కలుస్తయి" అనేవాడు. ఆ మాట అని భార్య ఫోటో చూసుకునేవాడని రాస్తే మీకు బాగుంటుంది. చూసుకోలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

నేను ఏదైనా రాద్దామని కాగితం తీస్తే చాలు, "ఏం సారూ, ఇయాల ఎవన్ని తిడుతున్నవ్? జర నన్ను గూడ తిట్టు, పేరొస్తది" అనేవాడు. ఆ గదిలో నాతో అలా మాట్లాడింది ఆయనొక్కడే.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ దగ్గరపడింది. అతిథులొస్తారు, పాత తెడ్లన్నీ మెరవాలన్నారు కంపెనీవాళ్ళు. సాయంత్రం పని మధ్యాహ్నానికి జరిపారు. "అక్కడ నీడ ఉంటుందా అన్నా?" అని అడిగాను.

"తెడ్లకున్నది" అన్నాడు.

ఇప్పుడేమో ఒళ్ళు పరీక్షించకుండానే 'సహజ మరణం' అంటున్నారు. ఈ వారంలోనే పెట్టెలో పెట్టి పంపేస్తారట. వదిన నాకు ఫోన్ చేసింది. "ఆఫీసోళ్లు ఎత్తుతలేరు తమ్మీ. దుబాయ్‌ల ఏమైంది మీ అన్నకు? పొద్దుగాల మంచిగనే మాట్లాడిండు గదా. ఎందుకు పోయిండో జెప్పి పంపుమను."

ఇది ఖతార్ వదినా అనబోయి, అడిగి చెబుతానన్నాను. పక్క మంచం మీద పరుపు చుట్టేశారు. ఇనుప పట్టీల సందుల్లోంచి నేల కనిపిస్తోంది.

జాలి మాటలు వద్దు. నాతో కలిసి ఇవి అడగండి:

శవపరీక్ష చేయకుండా ఆయన్ని పంపొద్దు.

ఎందుకు చనిపోయాడో ఆమెకు తెలుగులో చెప్పాలి.

మధ్యాహ్నపు ఎండలో ఒడ్డు మీద పని ఆపాలి.

ఆమె ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తాలి.